సంతకం అయ్యాకే అసలు పని

ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం గురించి మాట్లాడమన్నారు. పుస్తకాల్లో ఉన్నది మీకూ తెలుసు. ఈ దీవుల్లో నేను నేర్చుకున్నది చెబుతాను.

పోర్ట్ బ్లెయిర్‌కు (2024 నుంచి శ్రీ విజయపురం) ఎదుటి ఒడ్డున బాంబూఫ్లాట్‌లో 20 మెగావాట్ల డీజిల్ విద్యుత్ కేంద్రం కట్టింది మన హైదరాబాదు సంస్థే. 1997లో ఒప్పందం, 2003లో ఉత్పత్తి. కరెంటు కొన్నది ఇక్కడి విద్యుత్ శాఖ. నిర్మాణ ఖర్చు ఎంతవరకు ఒప్పుకోవాలన్న తగాదా సుప్రీంకోర్టు దాకా పోయి 2016లో తేలింది. అప్పటికి పదిహేనేళ్ళ ఒప్పందం ముగింపుకొచ్చేసింది!

మెయిన్‌లాండ్‌లో భాగస్వామితో పొసగకపోతే రద్దు చేసుకుని గ్రిడ్ నుంచి కరెంటు తెచ్చుకుంటాం. ఇక్కడికి ఆ గ్రిడ్ లేదు. రద్దు చేస్తే ఆసుపత్రిలోనూ చీకటే. ఆ సంగతి అవతలివాడికీ తెలుసు.

నేను ఎం.ఇ.ఎస్.లో ఉండగా జనరేటర్ల నిర్వహణ ఒక కాంట్రాక్టరుకిచ్చాం. 48 గంటల్లో మరమ్మతు, లేకపోతే జరిమానా అని నేనే రాశాను. ఒకసారి ఇంజెక్టరు పోయింది. చెన్నై నుంచి ఓడలో రావాలి, ప్రయాణమే మూడు రోజులు. మొత్తం పన్నెండు రోజులు క్వార్టర్లలో లాంతర్లే. జరిమానా వసూలైంది గాని కరెంటు రాలేదు. "మీ షరతు బాగుందండీ, దాన్నే వెలిగించండి" అంది మా ఆవిడ. (సభలో నవ్వులు)

మరుసటి టెండరులో స్పేర్లు ముందుగానే ఇక్కడి స్టోర్లో ఉండాలనీ, నెలకోసారి ఇరుపక్షాలూ కలిసి సరిచూసుకోవాలనీ రాశాను. రేటు కొంచెం పెరిగింది. ఎందుకు పెరిగిందని ఆడిట్‌వారు అడిగారు. ఆ పన్నెండు రోజుల లాగ్‌బుక్కు తీసి వారి ముందుంచాను.