రీఫ్ ట్యాంక్‌లో పచ్చ నాచు: మందు పోయకుండా ఎలా తగ్గించాలి?

పోయిన ఎపిసోడ్ కింద ఎక్కువమంది అడిగింది ఒకటే. "బ్రో, ట్యాంక్ పెట్టి నాలుగు నెలలైంది, రాళ్ల మీద జుట్టులా పచ్చ నాచు వస్తోంది. ఫాస్ఫేట్ టెస్ట్ చేస్తే జీరో. మరి ఇది ఏం తిని పెరుగుతోంది?"

ముందు ఆ జీరో సంగతి చూద్దాం. కిట్ చూపించేది నీళ్లలో మిగిలిన ఫాస్ఫేట్ మాత్రమే. నాచు ఎప్పటికప్పుడు లాగేసుకుంటుంటే ఇక మిగిలేదేముంది? నెలాఖరుకి అకౌంట్‌లో జీరో ఉందంటే జీతం రాలేదని కాదు కదా, వచ్చింది వచ్చినట్టే ఖర్చైందని!

అందుకే మందు పోసే ముందు ఆగండి. రాగి ఉన్న మందైతే నాచు సంగతేమో గానీ నత్తలు, రొయ్యలు, పగడాలు పోతాయి. పైగా చచ్చిన నాచు కుళ్లి, తిన్న ఫాస్ఫేట్ మొత్తం మళ్లీ నీళ్లలోకే వదులుతుంది. చేత్తో పీకి, సైఫన్ పైపుతో బయటికి లాగేయడమే బెస్ట్.

తర్వాత నీళ్లు. వంటింటి ఆర్‌ఓ నీళ్లు చాలనుకుంటారు చాలామంది. తాగే నీళ్ల మెషీన్లలో చాలావాటికి టీడీఎస్ కంట్రోలర్ ఉంటుంది, అది రుచి కోసం కొంత మామూలు నీటిని మళ్లీ కలుపుతుంది. రీఫ్‌కి ఆర్‌ఓ తర్వాత డీఐ రెజిన్ కూడా ఉండాలి, మీటర్‌లో సున్నా రావాలి. ఇది సరిచేయకుండా నత్తలు కొంటే కొమ్మలు నరికి వేళ్లకు నీళ్లు పోసినట్టే. ఫ్రోజెన్ మేతని కరిగించి, టీ వడగట్టే జాలీలో ఆ నీళ్లు వంపేసి వేయండి.

నత్తలు అంత ముఖ్యమా అంటే, కరీబియన్ సముద్రంలో ఏం జరిగిందో చూడండి. 1983లో పనామా దగ్గర డయాడెమా అనే నల్ల సీ అర్చిన్లకి ఏదో జబ్బు మొదలైంది. 1984కల్లా ఆ ప్రాంతమంతా పాకి 90 శాతానికి పైగా చనిపోయాయి. జమైకాలో నాచు తినే చేపల్ని అప్పటికే జనం విపరీతంగా పట్టేశారు. ఇక తినేవాళ్లే లేరు. పగడాల మీద నాచు కప్పేసింది. మన రెండడుగుల ట్యాంక్‌లోనూ అదే లెక్క.

నా ఓటు ట్రోకస్ నత్తలకి. తిరగబడినా వాటంతట అవే లేస్తాయి. టర్బో ఇంకా బాగా తింటుంది గానీ బుల్డోజర్ టైపు, అతికించని పగడం ముక్కల్ని పడేస్తుంది. బుడగల్లాంటి నాచుకి ఎమరాల్డ్ పీత. ఎల్లో టాంగ్ మాత్రం చిన్న ట్యాంక్‌లో వద్దు, దానికి ఈదడానికి చోటు కావాలి.

ఇంకో మంచి ఐడియా: నాచుకి పోటీగా నాచునే పెంచడం. కింద సంప్‌లో కీటోమార్ఫా అని నూడుల్స్ ముద్దలా ఉండేది వేసి, పై లైట్ ఆఫ్ అయ్యాక రాత్రిపూట దానికి లైట్ ఇవ్వండి. అది కార్బన్ డయాక్సైడ్ వాడుకుంటుంది కాబట్టి రాత్రి పీహెచ్ మరీ పడిపోదు. పెరిగినప్పుడల్లా పిడికెడు తీసి పారేయాలి. తీయకపోతే ఫాస్ఫేట్ ఇంట్లోనే ఉన్నట్టు.

అలాగని నైట్రేట్, ఫాస్ఫేట్ రెండిటినీ పూర్తిగా సున్నాకి దించేయకండి. అక్కడ పచ్చ నాచు పోయి డైనోలు దిగుతాయి, గోధుమ రంగు జిగురు, బుడగలతో. వాటిని కొన్నిటిని తింటే నత్తలే చస్తాయి. ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1, నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం మధ్య ఉంటే చాలు. డైనోల గురించి వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.