నవ్వు వెనుక ఆకలి: చార్లీ చాప్లిన్ నటజీవితము
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ సభలో హాస్యనటుని ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. 1914లో బెజవాడయందు జరిగిన తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ సభకు అధ్యక్షత వహించిన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారే మనకు ప్రహసనములను గూడ వ్రాసియిచ్చిరి. కావున నవ్వునకును పుస్తకమునకును చుట్టరికము నేటిది కాదు. ఆ 1914లోనే అమెరికాలో ఒక ప్రహసన నటుడు తొలిసారి తెరపై కనబడెను. ఆయనయే చార్లీ చాప్లిన్.

చాప్లిన్ 1889 ఏప్రిల్ 16వ తేదీన జన్మించెను. లండను పేదవాడలలో పెరిగెను. తల్లిదండ్రు లిరువురును వినోదశాలలలో పాడి పొట్టపోసికొనినవారు. తండ్రి త్రాగుడు పాలై కుటుంబమును విడిచెను. తల్లికి గొంతు పోయెను. పిమ్మట మతియు చలించెను. ఏడేండ్ల ప్రాయమున ఆ బాలుడు, అన్న సిడ్నీతో కూడ, దరిద్రుల శరణాలయము చేరవలసివచ్చెను. బడిచదువు సాగలేదు.

1903లో, పదునాలుగవయేట, ఒక నాటకములో వేషము దొరకెను. సంభాషణల కాగితములిచ్చి, అచ్చటనే చదువుమందురేమోయని బాలుడు భయపడెను. ఏలయన అతనికి చదువుట సరిగా రాదు. అదృష్టవశమున వారట్లు కోరలేదు. ఇంటికడ అన్న చదివి వినిపింపగా, మూడు దినములలో వేషమంతయు కంఠస్థము చేసెను. ఆ నటజీవితము నిలుచుటకు ఈ అన్న కంఠమే ఆధారమైనది.

1908లో ఫ్రెడ్ కార్నో అను నతని సమాజమున చేరెను. వారివి చిన్న చిన్న ప్రహసనములు. మాటలు తక్కువ, చేష్టలు ఎక్కువ. మన పగటివేషగాడు దినమున కొక వేషము గట్టి ఊరిని నవ్వించునట్లు, అచ్చటి నటుడును ఏ వేషమునకైనను సిద్ధముగా నుండవలెను. నాటకము చూడవచ్చి ఆటనంతయు చెడగొట్టు త్రాగుబోతు వేషము చాప్లిన్‌కు పేరు తెచ్చెను. ఆ సమాజముతోనే అమెరికాకు పోయి, 1913 తుదిలో చలనచిత్రములలో ప్రవేశించెను.

వదులు లాగు, బిగువు కోటు, చిన్న టోపీ, పెద్ద బూట్లు, చేతికర్ర, మీసపు ముక్క: ఇదియే లోకమెరిగిన ఆయన వేషము. ఆ మనిషి ఇల్లు లేని దరిద్రుడు. కాని మర్యాద విడువడు. 1925లో వచ్చిన ‘గోల్డ్ రష్’ చిత్రమున ఆకలికి తాళలేక తన బూటునే ఉడికించి, విందు భోజనమువలె కోసికొని తినును. మేకులను ఎముకలవలె చప్పరించును. ఆ బూటు అతిమధురముతో చేసినదే గాని, ఆకలి మాత్రము ఆయన చిన్ననాడు ఎరిగినదే. ఆకటివానిని జూచి నవ్వుట నీచము. ఆకటివానితో కలసి నవ్వుట స్నేహము. ఈ భేదమును తెలిసినవాడగుటచేతనే చాప్లిన్ గొప్పవాడు.

రచన, దర్శకత్వము, నటన, పిమ్మట సంగీతము గూడ తానే నిర్వహించెను. 1931లో లండనున గాంధీ మహాత్ముని కలిసి యంత్రములను గూర్చి ముచ్చటించెను. 1936లో ‘మోడర్న్ టైమ్స్’ చిత్రమున యంత్రము ముందు మరలు బిగించి బిగించి మతి చెడిన కూలివానిగా నటించెను. 1940లో ‘గ్రేట్ డిక్టేటర్’లో క్షురకుడుగను నియంతగను ద్విపాత్రాభినయము చేసి, హిట్లరును లోకమెదుట నవ్వులపాలు చేసెను. 1952లో అమెరికా ప్రభుత్వము ఆయన పునఃప్రవేశానుమతిని రద్దుచేయగా స్విట్జర్లండున స్థిరపడెను. ఇరువదియేండ్లకు, 1972లో, ఆ దేశమే పిలిచి గౌరవ ఆస్కారు బహుమాన మొసగెను. 1977 డిసెంబరు 25వ తేదీన ఆయన కన్నుమూసెను.

చదువుటకు భయపడిన ఆ బాలుడే 1964లో తన ఆత్మకథను ప్రకటించెను. నేడది గ్రంథాలయములలో నున్నది. కావున చందాదారులకు నా మనవి యొక్కటియే. ఇంటికి గొనిపోవు పుస్తకమును మీరొక్కరే చదివి తిరిగి యీయకుడు. చదువురాని యొక్కరికైనను, సిడ్నీవలె, చదివి వినిపింపుడు. వినువారిలో ఎవ్వరి బ్రతుకు మారునో ముందుగా నెవ్వరెరుగుదురు?