గట్టు మీద చెట్టు మనది కావాలి

(మండల రైతు సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



అడవి అంచున ఉన్న మన ఊళ్లలో ‘మొక్కలు నాటుదాం’ అంటే వెంటనే చప్పట్లు పడవు. ఎందుకో మనకు తెలుసు. 2015 జూలైలో హరితహారం మొదలైంది. పట్నంలో అది రోడ్డు పక్క మొక్క. మనకు చాలాచోట్ల అది పోడు చుట్టూ తవ్విన కందకం, విత్తనం వేయాల్సిన చోట లేచిన ప్లాంటేషన్. 2022 నవంబరులో చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర ప్లాంటేషన్ గొడవలో ఒక అటవీ రేంజి అధికారి ప్రాణమే పోయింది. ఆ చావును ఎవరమూ సమర్థించం. కానీ చెట్టుకూ సాగుదారుకూ మధ్య పగ పెట్టిన పద్ధతిని ప్రశ్నించకుండా ఊరుకోలేం.

ఇవ్వాళ నేను చెప్పదలచింది ఒక్కటే. కందకం మీద కోపాన్ని చెట్టు మీద చూపిస్తే నష్టపోయేది మనమే. మన గట్టు మీద, మనం ఎంచుకున్న చెట్టును, మన హక్కుగా పెంచుకోవాలి.

ఖమ్మం పక్కన రెడ్డిపల్లికి చెందిన వనజీవి రామయ్య గారు 2025 ఏప్రిల్ 12న కన్నుమూశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన రోడ్డు వారన, కాలువ గట్టున విత్తనాలు చల్లుకుంటూ, మొక్కలు నాటుకుంటూ పోయారు. సాగుదారును వెళ్లగొట్టకుండానే పచ్చదనం పెంచవచ్చని చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం అక్కర్లేదు.

ఇక గాలి సంగతి. ఎండాకాలం పడమటి వడగాలి నేల తడిని పీల్చేస్తుంది. గాలిదుమారం వస్తే మామిడి కాయ రాలుతుంది, అరటి నడిమికి విరుగుతుంది. మిరప చుట్టూ రెండు మూడు సాళ్లు జొన్న వేసే రైతుకు గాలికి అడ్డు పెట్టడం కొత్త కాదు. జొన్న ఒక పంటకాలం కాస్తే, చెట్ల వరస ఏళ్ల తరబడి కాస్తుంది.

చెట్టు ఎత్తుకు పది రెట్ల దూరం దాకా గాలి బాగా తగ్గుతుంది. అంటే 20 అడుగుల వరస సుమారు 200 అడుగుల చేనును కాపాడుతుంది. అయితే గోడలా కిక్కిరిసి ఉండకూడదు. గోడ మీదుగా ఎక్కిన గాలి అవతల సుడి తిరిగి చేను మీదే పడుతుంది. సగం గాలి ఆకుల సందుల్లోంచి వడకట్టినట్టు పోవాలి. వరసలో ఒకచోట పెద్ద ఖాళీ వదిలితే గాలి అక్కడే జోరుగా దూరుతుంది. బండి బాట పెట్టుకుంటే ఏటవాలుగా పెట్టుకోండి.

ముందు పడమటి గట్టు. దక్షిణపు గట్టున ఎత్తు చెట్లు పెడితే చలికాలం నీడ మిరప మీద పడుతుంది. మన పడమటి గట్టు పక్క రైతుకు తూర్పు గట్టు. పొద్దున్నే నీడ అతని చేనులో పడుతుంది. కాబట్టి గుంత తీయకముందే అతనితో మాట్లాడుకోవాలి. ఇద్దరూ కలిసి పెంచి, పంచుకుంటే తగాదా ఉండదు.

ఏ చెట్లు? బయటి వరసలో కానుగ, వేప, నేరేడు, వెదురు. లోపలి వరసలో గ్లైరిసీడియా, సీతాఫలం. గ్లైరిసీడియా కొమ్మ పాతితే బతుకుతుంది, రొట్ట కోసి పొలంలో తొక్కవచ్చు. టేకుకు విలువ ఉంది, కానీ వడగాలి వీచే నాటికి దానికి ఆకు ఉండదు. జామాయిల్‌ను సారపాక కాగితపు మిల్లుకు వేసే పంటగా చూడండి. చేను పక్కన పెడితే పంట నీళ్లు అదే తాగుతుంది. ఏ చెట్టయినా, వరసకూ పంటకూ మధ్య రెండడుగుల లోతు కాలువ తీసి వేర్లు తెంచుతూ ఉండాలి.

ఇంత చేసి పెంచాక కొట్టుకునే హక్కు లేకపోతే ఎవరు నాటుతారు? 2002 నాటి వాల్టా చట్టం కింద చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. పట్టా భూమిలో పెంచిన టేకుకూ కాగితాల కోసం తిరగాలి. పోడు రైతుకు ఆ భయం ఇంకా ఎక్కువ. పెరిగిన చెట్లను చూపించి ‘ఇది అడవే’ అంటారేమోనని.

అందుకే మన డిమాండ్లు నాలుగు. అటవీ హక్కుల చట్టం 4(5) సెక్షన్ ప్రకారం పరిశీలన పూర్తయ్యేదాకా సాగుదారును తొలగించకూడదు. క్లెయిమ్ తేలని భూమిలో ప్లాంటేషన్ పెట్టకూడదు. హక్కుపత్రం ఉన్న భూమిలో నాటిన చెట్టు నాటినవాళ్లదేనని రాతపూర్వకంగా తేల్చాలి. గట్టు చెట్లను నాటిన ఏడే గ్రామసభ రిజిస్టరులో రాసి, కొట్టేటప్పుడు ఆ రాతనే ఆధారంగా తీసుకోవాలి. పంచాయతీ నర్సరీలో ఏ మొక్కలు పెంచాలో గ్రామసభ చెప్పాలి. గుంతలకూ, రెండు ఎండాకాలాల నీళ్లకూ ఉపాధి హామీ కూలి ఇవ్వాలి.

ఈ నాలుగూ గ్రామసభ తీర్మానంగా రావాలి. తొలకరికి ముందే ప్రతి శాఖ తన ఊరి గట్లు తిరిగి, ఎవరికి ఏ మొక్క ఎన్ని కావాలో జాబితా రాసి మండల కమిటీకి పంపాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.