కోడిపిల్లలకు వెచ్చని పెట్టె
(మెట్‌పల్లిలో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగపు పాఠము)



పెరటి కోళ్ళ పెంపకము మన పల్లెలకు కొత్త కాదు. కొత్తదనము పిల్లలు వచ్చెడి తీరులో కలదు. హైదరాబాదు రాజేంద్రనగరునందలి కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజ, గ్రామప్రియ జాతులు పెరటి పెంపకమునకు పేరుపొందినవి. ఇట్టి పిల్లలు సాధారణముగా యంత్రములలో పొదిగింపబడి మన చేతికి వచ్చును. వాటికి తల్లి రెక్కల నీడ లేదు.

అప్పుడే పుట్టిన పిల్లకు మెత్తని నూగు తప్ప ఈకలుండవు. తన ఒంటి వేడిని తాను నిలుపుకొనజాలదు. చలికి తాళలేక పిల్లలు ఒకదానిపై నొకటి గుమిగూడును, క్రిందివి ఊపిరాడక చచ్చును. గోదావరికి ఇరువైపులనున్న మన పల్లెలలో శీతకాలపు రాత్రులు ఎంత చల్లనివో మీరెరుగుదురు. అప్పు తెచ్చి పిల్లలను కొనిన స్త్రీకి పిల్లలు చచ్చినను అప్పు చావదు. ఈ నష్టమును చాలవరకు ఆపగల సాధనము ఊరి వడ్రంగి ఒక పూటలో చేయగలడు.

ముప్పది పిల్లలకు 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు గల చెక్క పెట్టె రెండు వారములకు చాలును. అడుగున రెండంగుళముల మందమున పొడి వరిఊక పరచవలెను. మొదటి రెండు మూడు దినములు పిల్లలు ఊకను తినకుండ దానిపై గరుకు కాగితము వేయవలెను. నున్నని కాగితముపై కాళ్ళు జారి పిల్లలు అవిటివగును.

పిల్లకు 2 వాట్ల చొప్పున 60 వాట్లు కావలెను. 40 వాట్ల బల్బులు రెండు పెట్టుట మేలు. ఒకటి కాలిపోయినను రెండవది రాత్రిని గడుపును. ఇవి లోపల తీగ ఎర్రగా కాలెడి పాతరకపు బల్బులు కావలెను. నేడు మన వీధులలో వెలుగుచున్న ఎల్‌ఇడి దీపములు వెలుగునిచ్చును గాని, పిల్లలకు చాలినంత వేడినీయవు. బల్బులను రేకు మూత క్రింద, పెట్టెకు ఒక కొసన, ఊకకు అడుగు ఎత్తున గొలుసుతో వ్రేలాడదీయవలెను. బరువు గొలుసుపై నుండవలెను, తీగపై కాదు. రెండవ కొస కొంత చల్లగా నుండిన పిల్లలు తమకు తగిన చోటును తామే ఎంచుకొనును. పైన ఇనుప జాలి వేసి, బల్బులు లేని సగమునందే గోనెసంచి కప్పవలెను. గాలి యాడుటకు దారి విడువవలెను.

పిల్లలు రాకమునుపే కొన్ని గంటలు దీపము వెలిగించి పెట్టెను వేడిచేయవలెను. మొదటి వారము పిల్లల వీపు ఎత్తున 35 డిగ్రీల సెంటీగ్రేడు వేడి యుండవలెను. తరువాత వారమునకు 3 డిగ్రీల చొప్పున తగ్గింపవచ్చును. బల్బులను పైకెత్తిన వేడి తగ్గును. ఉష్ణమాపకము లేనివారికి పిల్లలే చెప్పును. దీపము క్రింద గుమిగూడి అరచిన చలి, దూరముగా పోయి నోరు తెరచి రొప్పిన వేడి, ఒక మూలకే చేరిన ఈదురుగాలి, అంతట పరచుకొని తిని తిరిగిన సుఖము.

రెండు బల్బులు పగలురేయి వెలిగినను దినమునకు సుమారు 2 యూనిట్లు, రెండు వారములకు 27 యూనిట్లు మాత్రమే వ్యయమగును. విద్యుత్తు ఆగిన రాత్రి వేడినీటి సీసాలను గోనెలో చుట్టి పెట్టెలో నుంచవలెను. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టరాదు. దాని విషవాయువు పిల్లలనే కాదు, గదిలో నిద్రించు మనుష్యులను సహితము చంపును.

విద్యుత్తు విషయమున మరింత జాగ్రత్త కావలెను. స్తంభము నుండి కొక్కెము వేసి తీగ లాగరాదు. మూడు తీగల వైరు వాడి, రేకు మూతకు ఎర్తు కలుపవలెను. కరెంటు లీకైనచో తక్షణము ఆపెడి 30 మిల్లీ ఆంపియర్ల సాధనమును అమర్చవలెను. తీగను ఎలుకలు కొరకకుండ గొట్టములో నుంచవలెను. బల్బు మార్చుటకు ముందు స్విచ్చి ఆపి, ప్లగ్గు ఊడదీయవలెను. బల్బుకు గోనె గాని, చెక్క గాని, ఊక గాని తగులరాదు. ముప్పది పిల్లల కొరకు ఒక ఇల్లాలి ప్రాణమును పణముగా పెట్టరాదు.

ఇందు పంచాయతీ చేయవలసిన పనియు కలదు. రాజ్యాంగపు పదకొండవ షెడ్యూలులో పశుపోషణ, కోళ్ళ పెంపకము నాలుగవ అంశము, గ్రామీణ విద్యుదీకరణ పదునాలుగవ అంశము. ఈ రెండును ఈ చిన్న పెట్టెలో కలియుచున్నవి. కావున పిల్లలను పంచుటకు ముందే పెట్టెలు సిద్ధమైనవో లేవో సభ్యులు చూడవలెను. తెలిసిన ఎలక్ట్రీషియనుచే ప్రతి పెట్టెను పరీక్ష చేయింపవలెను. మొదటి వారమున వేయవలసిన కొక్కెర తెగులు టీకాకై పశువైద్యశాలతో ముందుగా మాట్లాడవలెను. శక్తిలేని ఇండ్లకు వాడకు ఒక పెట్టెను చేయించి, వంతులవారీగా ఈయవచ్చును.

పంచిన పిల్లల సంఖ్య వ్రాసికొనుట సులభము. ఆరు వారముల తరువాత ఎన్ని బ్రతికియున్నవో ఇంటింట లెక్కించి, ఆ సంఖ్యను గ్రామసభలో చదువుడు. పథకము ఫలించినదో లేదో ఆ లెక్కయే చెప్పగలదు.