బడికి వచ్చిన పసివాడు - పెద్దల కర్తవ్యము

మన యిండ్లలో పిల్లవానికి జ్వరము వచ్చినచో తల్లియే నిర్ణయించును. భుజమున వేసికొని ఆసుపత్రికి పోవును. కాని పిల్లవాని నడవడిలో వింత కనబడినచో ఆమె తనంత తాను కదలలేదు. ఇంటి పెద్దవైపు చూచును. ఆ పెద్ద "చూపింతము" అన్నచో ఒక త్రోవ. "ఆగుము" అన్నచో మరియొక త్రోవ. రెండేండ్లకు పైగా "ఆగుము" అన్నవాడను నేను. నేటి నా ప్రసంగమునకు కారణ మదియే.

నేను ముప్పదియేండ్లు పల్లెబడులలో ఉపాధ్యాయుడుగా నుండి విశ్రాంతి తీసికొన్నవాడను. ఇన్నివందలమంది పిల్లలను చూచితిని గదా, పిల్లల సంగతి నాకు తెలియనిది లేదని నమ్మియుంటిని. మా మనుమనికి మూడేండ్లు నిండినవి. పేరుపెట్టి పిలిచిన తిరిగి చూడడు. కావలసిన వస్తువును వ్రేలితో చూపడు. మన చేయి పట్టి లాగికొనిపోయి దానిపై నుంచును. చింతగింజలను గడపవెంట బారులు తీర్చును. ఒక్క గింజ కదలినచో నేలబడి పొర్లి యేడ్చును. సైకిలును తలక్రిందులుగా నిలిపించుకొని గంటసేపు చక్రము త్రిప్పుచు చూచును. కుక్కరు కూతకు చెవులు మూసికొనును. పెరుగన్నము తప్ప మరి యే రుచియు నోట బెట్టడు. రైలు స్టేషనులో విన్న ప్రకటనను మొదటినుండి తుదివరకు తప్పులేకుండ వల్లించును. దాహమైనచో "నీళ్లు" అని మాత్రము అడుగడు.

"మామయ్యగారూ, వీడు నన్ను ఒక్కసారైనా అమ్మా అని పిలవలేదండీ" అని మా కోడలు ఒకనాడు నాతో చెప్పెను.

"మగపిల్లలకు మాట ఆలస్యమమ్మా. వీడి నాన్నకూ నాలుగో ఏటగాని రాలేదు" అంటిని.

ఆమె తలవంచుకొని లోనికి పోయెను. నా మాటకు పైమాట ఆ యింట లేదు.

తరువాత బంధువులు తలకొక మాట చెప్పిరి. గ్రహదోష మని ఒకరు, దిష్టి యని ఒకరు, తల్లి పనిలోబడి సెల్‌ఫోను చేతికిచ్చుటచే నిట్లయ్యెనని మరొకరు. తాయెత్తు కట్టించితిమి, మ్రొక్కు చెల్లించితిమి. దైవమును నమ్ముట తప్పని నే ననను. మ్రొక్కుకొని, ఆ మరునాడే వైద్యునియొద్దకు పోవలసినది. మ్రొక్కు ఫలించువరకు వేచియుంటిమి. తప్పంతయు ఆ వేచియుండుటలో నున్నది. ఒకమారు అంగన్‌వాడీకి పిల్లలను పరీక్షించు ఆరోగ్యబృందము వచ్చినది. ఆనాడు పదిమంది కంట బడునని వానిని ఇంటనే యుంచితిమి. ఉంచుమన్నవాడను నేనే.

అయిదవయేడు దాటినపిదప జూన్ మాసమున బడిలో చేర్చితిమి. రెండు వారములు గడువకమునుపే ఉపాధ్యాయురాలు సాయంకాలము మా యింటికి వచ్చెను. చిన్నవయసు పిల్ల. అరుగుమీద కూర్చుండి నెమ్మదిగా నిట్లనెను: "మాస్టారూ, బాబు అల్లరి చేయడంలేదండీ. గంట మోగితే బల్లకింద దూరుతున్నాడు. పిల్లల గోల వాడు భరించలేకపోతున్నాడు. తోటివాళ్లు పక్కనున్నా లేనట్టే ఉంటాడు. ఒకసారి జిల్లా ఆసుపత్రిలో చూపించండి."

నాకు కోపము వచ్చినది. ఆమెకు మంచినీళ్లైన ఇమ్మని చెప్పక పంపివేసితిని. ఆ రాత్రి నిద్రపట్టలేదు. ముప్పదియైదేండ్ల క్రిందటి ఒక పిల్లవాడు మనసులో మెదలెను. వాడును నా తరగతిలో ఎవరితోను కలియక కిటికీకడ కూర్చుండి పెంకులు లెక్కించుచుండెడివాడు. పిలిచిన పలుకడు. మొండివాడని తలచి చింతబరికతో కొట్టితిని. "మొక్కై వంగనిది మానై వంగునా" యని వాని తండ్రికి నీతి చెప్పితిని. రెండవ నెలనుండి వాడు బడికి రాలేదు. వాని కేమైనదో నే నడుగలేదు. ఆ సామెతను ఇన్నాళ్లును బరికకే అన్వయించితిని. మొక్కగా నున్నప్పుడే ఊతకఱ్ఱ నాటవలెనని దానికి మరియొక అర్థము గలదని నాకు తోచలేదు. తెల్లవారగనే కోడలిని పిలిచి "పోదామమ్మా" అంటిని.

ఈ స్థితిని ఆటిజ మందురు. 1943లో అమెరికా దేశపు బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు ఇట్టి పదునొకండుగురు పిల్లలను వర్ణించి వ్రాసెను. అంతకుముందు ఇట్టి పిల్లలు లేరని కాదు. వారికి పిచ్చివారు, మొండివారు, దయ్యము పట్టినవారు అను పేర్లుండెను. ఇది అంటువ్యాధి కాదు. పుట్టుకనుండి మెదడు ఎదుగు తీరులోని భేదము. లోకమున సుమారు నూరు, నూటముప్పదిమందిలో నొకరికి ఇది గలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలు. మగపిల్లలలో ఎక్కువగా గుర్తింపబడుచున్నది. ఆడపిల్లలలో నున్నను, అణకువ గల పిల్ల యని చాలమారులు చూచీచూడక విడిచిపెట్టుదురు. బుద్ధిమాంద్యమును ఇదియు ఒకటి కావు. కొందరికి రెండును ఉండవచ్చును. కొందరి బుద్ధి మిక్కిలి చురుకైనది.

ఒకకాలమున పాశ్చాత్య వైద్యులు కొందరు, తల్లికి ప్రేమ చాలకపోవుటచే బిడ్డ యిట్లగునని వ్రాసిరి. అది అబద్ధమని తేలినది. టీకాలవలన వచ్చునని సూచించుచు 1998లో వెలువడిన ఒక వ్యాసమును, ప్రకటించిన వైద్యపత్రికయే 2010లో రద్దుచేసినది. కావున టీకా మానిపించుట బిడ్డకు మరియొక కీడు చేయుటయే.

ఇక పరీక్ష యెట్లు జరుగునో చెప్పెదను. తెలియకపోవుటచేతనే మనలో భయము. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలకును బడులకును వైద్యబృందములు వచ్చి పిల్లలను చూచును. అనుమానమున్న పసివారిని జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రమునకు పంపును. మేము ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరుగారి చీటి తీసికొని అచ్చటికే పోయితిమి. ఆటిజమును తేల్చు రక్తపరీక్ష లేదు. తలకు తీయు ఫొటోయు లేదు. మొదట చెవులు పరీక్షించిరి. వినబడని బిడ్డయు పిలిచిన పలుకడు గదా. పిదప మనస్తత్వ నిపుణురాలు కోడలిని చాలసేపు ప్రశ్నించెను: ఎప్పుడు కూర్చుండెను, ఎప్పుడు నడచెను, వచ్చిన మాట మరల పోయెనా, ఆడుకొను వస్తువును తెచ్చి తల్లికి చూపునా? ప్రతి ప్రశ్నకును నేను ముందుపడి "అన్నీ చేస్తాడండీ" అనుచుంటిని. ఆమె నావైపు తిరిగి, "పెద్దాయనా, అమ్మను చెప్పనివ్వండి" అనెను. అప్పటినుండి నోరు మూసికొని వింటిని. నేనెరుగని మా యింటి సంగతులు ఆనాడే నాకు తెలిసినవి.

తరువాత పిల్లవానిని చాపమీద ఆటవస్తువులతో విడిచి వాని తీరు గమనించిరి. మనదేశపు పిల్లలకై సికిందరాబాదునందలి జాతీయ సంస్థ సిద్ధపరచిన కొలబద్ద యొకటి గలదు. 2009లో వెలువడినది. అందు నలువది అంశములు: తోటివారితో కలయిక, భావములు, మాట, నడవడి, ఇంద్రియముల తీరు, గ్రహణశక్తి. ఒక్కొక్క అంశమునకు ఒకటినుండి అయిదువరకు గుణములు వేయుదురు. మొత్తము డెబ్బదికి తగ్గినచో ఆటిజము కాదు. ఇది ఒక్కపూటలో తేలలేదు, మూడుమారులు పోవలసివచ్చినది.

ఫలితము చెప్పిననాడు కోడలు డాక్టరుగారి నొక్కటే అడిగెను: "అయితే ఇది నా తప్పు కాదాండీ?" "కాదమ్మా, ఎవరి తప్పూ కాదు" అని ఆయన యనెను. ఆమె కన్నీరు పెట్టుకొనెను. రెండేండ్లుగా ఆమె మోసిన బరువు అప్పుడు నాకు కనబడినది. ఆ బరువు పెట్టినవారిలో నేనొకడను.

"పరీక్ష చేయించినచో ముద్ర పడును, రేపు చెల్లెలి పెండ్లికి అడ్డమగును" అని కొందరు పెద్దలు నాతో ననిరి. వారికి నా సమాధాన మిది: ఊరు ఎప్పుడో ముద్ర వేసినది. "మొండివాడు", "తిక్కవాడు" అను మాటలు ముద్రలు కావా? డాక్టరు వ్రాసిన మాట ఆ ముద్రలను తుడుచును, చేయవలసిన పనిని చూపును. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఆటిజమును ఇరువదియొక్క వైకల్యములలో నొకటిగా గుర్తించినది. నలువది శాతమునకు తగ్గని వైకల్యమున్నట్లు ధ్రువపత్రము పొందిన బిడ్డకు ఆరునుండి పదునెనిమిదేండ్లవరకు ఉచితవిద్య హక్కు. ఇట్టి బిడ్డను చేర్చుకొనమని త్రోసిపుచ్చు అధికారము బడికి లేదు. మండలములలో భవిత కేంద్రములు గలవు. లక్షరూపాయల వరకు నిరామయ ఆరోగ్యబీమా గలదు.

ఆటిజమును మాన్పు మందు లేదు. మూడునెలలలో మామూలుగా చేసెదమని వేలకువేలు గుంజువారిని నమ్మకుడు. చేయవలసినది ఓపికగల శిక్షణ. వానికి దినచర్యను బొమ్మలుగా వ్రాసి గోడకు తగిలించితిమి: లేచుట, పండ్లు తోముట, బడి, ఆట. ఒక్కమారు ఒక్క మాటయే చెప్పి, బదులుకొరకు పది లెక్కించునంతసేపు ఊరకుందుము. ఉపాధ్యాయురాలు వానిని గంటకు దూరముగా గోడప్రక్కను కూర్చుండబెట్టి, గంట కొట్టుటకు ముందు చేయి చూపి హెచ్చరించుచున్నది. ఆమె యింటికి పోయి క్షమాపణ చెప్పుకొంటిని.

ఇప్పుడు వానికి ఏడేండ్లు. గంటకు ఇంకను చెవులు మూసికొనును, బల్లక్రిందికి పోడు. కూడికలలో తరగతిలో ముందు. తోటిపిల్లలతో ఆడుట ఇంకను కష్టమే. దాహమైనచో "అమ్మా, నీళ్లు" అనుచున్నాడు. మూడవయేటనే పోయినచో ఈ మాట ఇంకను ముందు వచ్చియుండునేమో. ఆ ఆలోచన నన్ను విడువదు.

కావున గ్రామపెద్దలకు నా మనవి. పేరుకు పలుకనివానిని, వ్రేలితో చూపనివానిని, వచ్చిన మాట పోగొట్టుకొన్నవానిని చూచినచో "ఆగుడు" అనకుడు. ఒక చిన్నపుస్తకమున, వాడు ఏనాడు ఏమి చేసెనో తేదీలతో వ్రాయించుడు. ఇంటిలో వాని తీరును ఫోనులో చిన్నచిన్న చిత్రములుగా తీయించుడు. ఆసుపత్రిలో వాడు అట్లుండకపోవచ్చును. టీకాల కార్డు, బడినుండి వ్రాసియిచ్చిన కాగితము దగ్గర నుంచుకొనుడు. తల్లిని వెంటబెట్టుకొని పోవుడు; ఆమెను మాటలాడనిండు. పరీక్షలో ఏమియు లేదని తేలినచో బస్సుచార్జీలే నష్టము. ఉన్నదని తేలినచో బిడ్డకు కొన్ని సంవత్సరములు మిగులును.

మన యిండ్లలో పెద్దలమాటకు ఇంకను విలువ గలదు. ఆ విలువ ఉన్నంతవరకే ఆ మాటను పసివానికి త్రోవగా చేయుడు.