ఫ్లూ టీకా: ఏ కార్డు మీద ఎవరి పిల్లలు?

(తిరుపతిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల ఫ్లూ టీకా గురించి మాట్లాడటానికి సోషియాలజీ చదివిన మనిషి ఎందుకు, డాక్టరు ఉండాలి కదా అని మీలో కొందరికి అనిపించవచ్చు. టీకా మందులో ఏముందో చెప్పాల్సింది డాక్టర్లే. కానీ అది ఎవరి బిడ్డకి అందుతుంది, డబ్బు ఎవరు కడతారు, జ్వరమొచ్చిన బిడ్డ పక్కన పని మానుకుని ఎవరు కూర్చుంటారు అన్నవి మన ప్రశ్నలు. ఈ రెండు రకాల ప్రశ్నల్నీ కలగలిపేయడం వల్ల మన సంఘాల్లో టీకాల మీద చర్చ వచ్చినప్పుడల్లా ఒకరు "అంతా కంపెనీల కుట్ర" అంటారు, ఇంకొకరు "సైన్సుని అనుమానించకూడదు" అంటారు. అక్కడితో చర్చ ఆగిపోతుంది.

మన ఊళ్లలో పిల్లల టీకా కార్డులు రెండు రకాలు. అంగన్‌వాడీలోనో సబ్‌సెంటర్‌లోనో ఏ.ఎన్.ఎమ్. రాసిచ్చే తల్లీబిడ్డల కార్డు ఒకటి. అందులో బి.సి.జి., పోలియో, పెంటావాలెంట్, రోటా, న్యుమోకోకల్, తట్టు–రుబెల్లా ఉంటాయి. అన్నీ ఉచితం. తిరుపతిలోనో చిత్తూరులోనో ప్రైవేటు పిల్లల డాక్టరు ఇచ్చే కార్డు రెండోది. అందులో వీటితోపాటు ఇంకొన్ని గళ్లుంటాయి, వాటిలో ఒకటి ఫ్లూ. రెండు కార్డులూ చూసిన తల్లి అడిగే ప్రశ్న చాలా సూటిగా ఉంటుంది: "అది అవసరమైతే మాకెందుకు వెయ్యరు? అవసరం లేకపోతే వాళ్లకెందుకు వేస్తారు?"

భారత పిల్లల డాక్టర్ల సంఘం చాలాకాలం ఫ్లూ టీకాను ఉబ్బసం, గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు వంటివి ఉన్న పిల్లలకే చెప్పింది. 2020–21 సిఫార్సుల్లో ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు పిల్లలందరికీ ఏటా వేయమంది. ప్రభుత్వ సార్వత్రిక టీకాల కార్యక్రమంలో మాత్రం చేర్చలేదు. సిఫార్సు చేసేవాళ్లలో చాలామంది తమ క్లినిక్కుల్లో ఆ టీకా వేసేవాళ్లే అన్నది మనం గమనించాల్సిన విషయం. అంతమాత్రాన సిఫార్సు తప్పని కాదు. దాన్ని విడిగా పరీక్షించాలి.

ముందు జబ్బు సంగతి. ఫ్లూ అంటే మామూలు జలుబు కాదు. జలుబు, దగ్గు తెచ్చే వైరస్‌లు చాలా ఉన్నాయి, ఈ టీకా పనిచేసేది ఇన్‌ఫ్లుయెంజా ఒక్కదాని మీదే. "సూది వేయించినా జలుబొచ్చింది, ఇంకెందుకు" అన్న నిరాశకి ఈ తేడా ఎవరూ చెప్పకపోవడమే కారణం. ఎక్కువమంది పిల్లలు వారంలో తేరుకుంటారు. కొద్దిమందికి న్యుమోనియాలోకి దిగుతుంది. ప్రపంచంలో ఐదేళ్లలోపు పిల్లల్లో ఇన్‌ఫ్లుయెంజాతో ముడిపడ్డ ఊపిరితిత్తుల జబ్బుతో 2018 ఒక్క ఏడాదిలో దాదాపు 8,70,000 మంది ఆసుపత్రుల్లో చేరారని, 34,800 దాకా మరణాలు ఉండవచ్చని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో 2020లో అంచనా వేశారు. ఆసుపత్రుల్లో జరిగిన మరణాల్లో అయిదింట నాలుగు వంతులు మనలాంటి పేద, దిగువ మధ్య ఆదాయ దేశాల్లోనే. ఎందుకో మీకు చెప్పనక్కర్లేదు. పోషణ లేని పిల్ల, పొగ నిండిన వంటిల్లు, ఆలస్యంగా దొరికే బస్సు. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు ఆగస్టులో పుణెలో చనిపోయిన మన దేశపు తొలి రోగి 14 ఏళ్ల బడిపిల్ల. 2015లో దేశంలో 42,000 పైగా కేసులు, 3,000కి దగ్గరగా మరణాలు నమోదయ్యాయి.

సురక్షితమా అన్న ప్రశ్నకి నా జవాబు: అవును. మన దగ్గర పిల్లలకి వేసే సూదిమందులో ఉండేది చంపిన వైరస్. దానివల్ల ఫ్లూ రాదు. చెయ్యి నొప్పి, ఒకటి రెండు రోజుల జ్వరం, చికాకు ఉండవచ్చు. నరాల బలహీనత తెచ్చే గిలాన్ బారీ జబ్బు పది లక్షల మందిలో ఒకరిద్దరికి రావచ్చని లెక్క. అలాగని చరిత్రలో తప్పులు జరగలేదనీ అనను. 2010లో ఆస్ట్రేలియాలో ఒక కంపెనీ ఫ్లూ టీకా వేసిన చిన్నపిల్లల్లో జ్వరంతో కూడిన ఫిట్స్ ఎక్కువగా కనిపించాయి. వెంటనే ఐదేళ్లలోపు వాళ్లకి ఆపేశారు. 2009–10లో ఐరోపాలో స్వైన్ ఫ్లూ కోసం ప్రత్యేకంగా చేసిన ఒక టీకా వల్ల ఫిన్లాండ్, స్వీడన్ పిల్లల్లో కొందరికి నార్కోలెప్సీ అనే అతినిద్ర జబ్బు వచ్చింది. ఆ రెండూ ఇప్పుడు మన దుకాణాల్లో అమ్మే టీకాలు కావు. కానీ అవి బయటపడిన తీరు చూడండి. అక్కడ ఏ బిడ్డకి ఏ టీకా వేశారో, తర్వాత ఏమైందో రాసి ఉంది. రాసి ఉంది కాబట్టి తెలిసింది, తెలిసింది కాబట్టి ఆపారు.

ఇక ప్రయోజనం. హర్యానాలోని బల్లభ్‌గఢ్ దగ్గరి పల్లెల్లో ఆరు నెలల నుంచి పదేళ్ల పిల్లల మీద 2009 నుంచి మూడేళ్లు ఒక పరిశీలన చేశారు. మన దేశపు పల్లె పిల్లల మీదే చేసింది కాబట్టి నాకు దానిమీద నమ్మకం ఎక్కువ. కొందరికి ఫ్లూ టీకా, కొందరికి పోలియో సూది వేసి పోల్చారు. ఫ్లూ టీకా వల్ల జబ్బు మొదటి ఏడాది నాలుగో వంతు, రెండో ఏడాది 41 శాతం, మూడో ఏడాది 74 శాతం తగ్గింది. ఒకే టీకా, అవే పల్లెలు, ఫలితం ఇంత తేడా! వైరస్ ఏటా రూపం మార్చుకుంటుంది, టీకా దాని వెనక పరుగెత్తుతుంది. తట్టు టీకాలా రెండుసార్లు వేస్తే జీవితాంతం కాసే రకం కాదిది. పనికొస్తుంది, కానీ పరిమితంగా, అదీ ప్రతి ఏడాదీ వేయిస్తేనే.

బ్రాండును బట్టి డోసు వెయ్యి నుంచి రెండు వేల రూపాయల దాకా ఉంటుంది. మొదటిసారి వేయించే తొమ్మిదేళ్లలోపు పిల్లలకి నెల తేడాతో రెండు డోసులు కావాలి. అంటే చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే మనిషికి వారం పది రోజుల కూలి, ఒక్క బిడ్డకి. ఇద్దరుంటే కొడుకుకి వేయించి కూతురికి వాయిదా వేసే ఇళ్లు మీకు తెలియనివి కావు. మరోవైపు, బిడ్డకి ఫ్లూ వస్తే పోయేది కూడా ఆమె కూలే. డాక్టర్ల లెక్కల్లో ఆసుపత్రి ఖర్చు ఉంటుంది కానీ, తల్లి మానుకున్న పనిరోజులు, ఆ రోజుల్లో బిడ్డని మోసిన అవ్వ నడుం నొప్పి ఏ గడిలోనూ ఉండవు.

ఇక్కడ ఖమ్మం సంగతి ఎత్తకుండా ముందుకు పోలేం. 2009 జూలైలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, భారత వైద్య పరిశోధన మండలి, పాత్ అనే అమెరికా సంస్థ కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. వారిలో ఎందరో హాస్టళ్లలో ఉన్న ఆదివాసీ పిల్లలు. మహిళా ఆరోగ్య సంఘాలు వెళ్లి అడిగాక 2010 ఏప్రిల్‌లో ఆపారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో పేర్కొన్న అంకెలు ఇవి: రాష్ట్రంలోని 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు, 1,948 మీద వేలిముద్రలు. చనిపోయిన పిల్లల మరణాలకి టీకా కారణం కాదని విచారణలో తేల్చారు. ఆ టీకా మంచిదేనని తర్వాత ప్రపంచమంతా రుజువైంది కూడా. అయినా ఖమ్మంలో అన్యాయం జరగలేదా? జరిగింది. అడగకుండా వేశారు, వేశాక ఏమైందో సరిగా నమోదు చేయలేదు. మందు మంచిదైనంత మాత్రాన పద్ధతి మంచిదైపోదు. పద్ధతి చెడ్డదైనంత మాత్రాన మందు విషమైపోదు. ఖమ్మాన్ని చూపించి టీకాలన్నిటినీ తిరగ్గొట్టే ధోరణి మనలో ఉంది. దానితో నేను ఏకీభవించను.

మరి ఏం అడగాలి? పిల్లలందరికీ ఏటా ఉచితంగా వేయాలన్నది నా మొదటి డిమాండ్ కాదు. ఏటా ఊరూరా అదనంగా టీకా వేసేది మన ఏ.ఎన్.ఎమ్.లు, ఆశాలే. వాళ్ల పని, వేతనం సంగతి తేల్చకుండా ఆ భారం వాళ్ల నెత్తిన పెట్టడానికి నేను సిద్ధంగా లేను. ముందు గర్భిణులకి ఇమ్మని అడుగుదాం. ఆరు నెలల్లోపు పసికందుకి ఈ టీకా వేయరు, ప్రమాదమేమో వాళ్లకే ఎక్కువ. తల్లికి వేస్తే రక్షణ బిడ్డకి చేరుతుంది. ఢాకాలో చేసిన ఒక పరిశీలనలో, 2008లో ప్రచురించారు, తల్లులకి టీకా వేస్తే పసిపిల్లల్లో నిర్ధారించిన ఫ్లూ 63 శాతం తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే గర్భిణులకి మొదటి ప్రాధాన్యం ఇమ్మంది. నెలనెలా పరీక్షకి వచ్చే గర్భిణికి ఒక్క డోసు వేయడానికి కొత్త ఏర్పాటేమీ అక్కర్లేదు. ఆ తర్వాత ఉబ్బసం, గుండె జబ్బు, తలసీమియా, బాగా తక్కువ బరువు ఉన్న పిల్లలు. వాళ్ల పేర్లు అంగన్‌వాడీ రిజిస్టర్లలోనూ రుయా, స్విమ్స్ వంటి పెద్దాసుపత్రుల కేసు షీట్లలోనూ ఇప్పటికే ఉన్నాయి. దాంతోపాటు అంగీకార పత్రం తెలుగులో, తల్లి చదువుకునేలా లేదా చదివి వినిపించేలా ఉండాలి. హాస్టల్ పిల్లలకి వార్డెన్ సంతకం చెల్లకూడదు. ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలో, పరిహారం ఎవరిస్తారో ఆ కాగితం మీదే ఉండాలి.

ఈలోగా సొంత డబ్బుతో వేయించే స్తోమతు ఉన్నవాళ్లు అడిగితే, ఐదేళ్లలోపు పిల్లలకి వేయించండనే చెబుతాను. మన దేశంలో ఎక్కువచోట్ల ఫ్లూ వానలతో పెరుగుతుంది. మన ప్రాంతంలో అక్టోబరు, నవంబరుల్లోనూ గట్టి వానలే. బడులు తెరవకముందే, ఏప్రిల్–మే నెలల్లో వేయిస్తే మేలు, రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. పెట్టె మీద ఏ ఏడాది టీకానో రాసి ఉంటుంది, చూడండి, పాత నిల్వ అయితే వద్దనండి. మూడు రకాల వైరస్‌ల టీకా చాలు; నాలుగో రకం 2020 మార్చి తర్వాత ఎక్కడా కనిపించలేదు, దానికోసం ఎక్కువ డబ్బు కట్టక్కర్లేదు. ఇంతకుముందు ఫ్లూ టీకాకి తీవ్రమైన ఎలర్జీ వచ్చిన పిల్లలకి వేయించకూడదు. గట్టి జ్వరం ఉంటే తగ్గేదాకా ఆగాలి. వేశాక అరగంట అక్కడే కూర్చోండి, తేదీ, బ్యాచ్ నంబరు కార్డు మీద రాయించుకోండి. ఆ గడి లేదంటే, ప్రభుత్వ కార్డు వెనకవైపు ఖాళీగానే ఉంటుంది, అక్కడే రాయమనండి.