అప్పు పుస్తకంలో “ఉద్దేశం” గడి

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం వీవోఏ చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం “వాతావరణ మార్పులు – మహిళా సంఘాల పాత్ర”. ఈ పేరు మైకులో చదవగానే వెనక వరసల్లో ఇద్దరు ముగ్గురు లేచి మంచినీళ్ళకు బయల్దేరారు. నేను చూశాను. వాళ్ళ తప్పేం లేదు. శిక్షణల్లో ఈ మాట వచ్చిందంటే గోడ మీద తెర, తెర మీద మంచుకొండ, కొండ మీద తెల్ల ఎలుగుబంటి. మన తిరువూరులో మంచుకొండ ఎవరు చూశారు? ఎలుగుబంటి కష్టానికి అయ్యో పాపం అనుకుని, టీ తాగి, సంతకం పెట్టి ఇంటికెళ్తాం. అందుకని పేరు కాసేపు పక్కన పెడదాం.

పేరు తెలియనిది మనకొక్కళ్ళకే కాదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు, మన దేశంలోని సీఓటర్ సంస్థ కలిసి 2021 చివర, 2022 మొదట్లో దేశమంతా కొన్ని వేల మందిని అడిగారు. భూమి వేడెక్కడం గురించి మీకేం తెలుసు అంటే, సగం మందికి పైగా కొంచెమే తెలుసనో, అసలు వినలేదనో చెప్పారు. తర్వాత రెండు ముక్కల్లో విషయం వివరించి, ఇది జరుగుతోందా అని అడిగితే పది మందిలో ఎనిమిది మందికి పైగా “అవును, జరుగుతోంది” అన్నారు. అంటే సంగతి అందరికీ తెలుసు. పేరే తెలియదు.

మన దగ్గరా అంతే. “కాలం మారిపోయిందే” అనని ఆడమనిషి ఉందా? మామిడి పూత మీద ఉండగా మబ్బు పడుతుంది. పిందె నిలిచే వేళకి ఎండ ముదురుతుంది. కాయ కోతకొచ్చాక గాలిదుమారం వచ్చి సగం నేలరాలుస్తుంది. ఇటు మన ఊళ్ళలో, అటు విస్సన్నపేట, రెడ్డిగూడెం, నూజివీడు దాకా బంగినపల్లి తోటలున్న ప్రతి ఇంట్లో ఈ మాటలే. పత్తి పెట్టినోళ్ళని అడగండి, మొదటి వానకి గింజ వేశాక ఇరవై రోజులు చుక్క లేక మళ్ళీ విత్తనం కొన్న సంగతి చెబుతారు.

కొంతమంది పెద్దవాళ్ళు ఒప్పుకోరు. “రోహిణి కార్తెలో రోళ్ళు పగలడం మా అమ్మమ్మ నాడూ ఉంది, ఇప్పుడు కొత్తేముంది?” అంటారు. ఉంది, కాదనను. కానీ రోహిణి కార్తె మే నెలాఖరున కదా వచ్చేది? 2022లో మార్చి నెల, 2023లో ఫిబ్రవరి నెల, దేశంలో లెక్కలు రాయడం మొదలుపెట్టిన 1901 నుంచి చూస్తే పగటి ఎండల్లో అన్నిటికంటే ఎక్కువ. శివరాత్రికి చలి పోవడం వేరు, శివరాత్రికే ఎండ మండటం వేరు. 2015 మే నెల మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వేసవిలో మన ఆంధ్రప్రదేశ్ ఒక్కదాంట్లోనే వడదెబ్బకి వెయ్యి మందికి పైగా పోయారు. ఎండ దెబ్బ ముందుగా పడేది చేలల్లో, రోడ్ల మీద పనిచేసే కూలీల మీద, ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ మీద.

ఎందుకు ఇలా అంటే, చిన్నగా చెబుతాను. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాలిస్తే వచ్చే పొగలో కంటికి కనపడని బొగ్గుపులుసు గాలి ఉంటుంది. అది పైకెళ్ళి భూమికి దుప్పటి కప్పినట్టు వేడిని పోనివ్వకుండా ఆపుతుంది. మన జిల్లాలోనే ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం ఉంది, మన ఇంట్లో బల్బు వెలుగులో ఆ బొగ్గూ కొంత ఉంది. అలా వందేళ్ళకు పైగా ప్రపంచమంతా కాల్చి కాల్చి ఆ దుప్పటి మందమైంది. 2024వ సంవత్సరం లెక్కలున్నంత వరకు అన్నిటికంటే వేడి సంవత్సరమని, బొగ్గు వాడకం పెరగక ముందు రోజులతో పోలిస్తే ఒకటిన్నర డిగ్రీ ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ చెప్పింది. ఒకటిన్నర డిగ్రీ ఒక లెక్కా అనుకోకండి. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే నూటికి ఏడు వంతులు ఎక్కువ తేమని పట్టుకోగలదు. ఎండ కాసేటప్పుడు ఆ గాలే నేలలో తడినంతా పీల్చేస్తుంది. కురిసే రోజు వస్తే పట్టుకున్నదంతా ఒక్కసారే కుమ్మరిస్తుంది. ఎండలూ ఎక్కువే, వరదలూ ఎక్కువే ఏంటమ్మా అని అడుగుతారు కదా, దానికి జవాబు ఇది.

కుమ్మరించడం ఎట్లా ఉంటుందో 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో చూశాం. ఒక్క రోజులో మన జిల్లాలో చాలాచోట్ల 20 సెంటీమీటర్లకు పైగా వాన. ఇక్కడ వాగులు పొంగాయి, అక్కడ బుడమేరు కట్ట తెగి విజయవాడ సింగ్‌నగర్ వైపు జనం రోజుల తరబడి నీళ్ళలో ఉన్నారు. మనలో ఎంతమందికి అక్కడ కూతుళ్ళో, అక్కచెల్లెళ్ళో ఉన్నారు! ఫోన్లు కలవక ఆ రెండు రాత్రులు ఎట్లా గడిచాయో నేను చెప్పక్కర్లేదు. అయితే ఒకటి గుర్తు పెట్టుకోండి. అంతా వాతావరణం మీదికి నెట్టేయడం కూడా సరి కాదు. బుడమేరు దారిలో ఇళ్ళు కట్టనిచ్చింది మనుషులే, కట్టలు బలహీనమైనా పట్టించుకోనిది మనుషులే. 2021–22లో మన చుట్టుపక్కల మిరప తోటల్ని నాశనం చేసిన నల్ల తామర పురుగు కూడా బయటి దేశం నుంచి వచ్చిన పురుగు. ఏది ఎంతవరకు అన్నది విడదీసి మాట్లాడుకుంటేనే, ఎవర్ని ఏం అడగాలో తెలుస్తుంది.

ఇక సంఘం సమావేశంలో ఈ మాట ఎత్తితే ఏం జరుగుతుందో చూద్దాం. ఒక అక్క “అంతా పైవాడి లీల” అంటుంది. ఆమెతో వాదన వద్దు. దేవుణ్ణి నమ్మిన మనిషే ఎండలో గొడుగు వేసుకుంటుంది కదా, అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. ఇంకో చెల్లెలు “మనం చేసిందేముంది, కార్లు, విమానాలు తిరిగేది వాళ్ళు” అంటుంది. ఆమె చెప్పింది నిజం. మన దేశంలో తలసరి లెక్క తీస్తే ఆ పొగ ప్రపంచ సగటులో సగం కూడా లేదు. అందులో కూలికి వెళ్ళే ఆడమనిషి వంతు ఇంకెంత? అందుకే ప్లాస్టిక్ సంచి వాడావనో, కట్టెల పొయ్యి వెలిగించావనో ఈ విషయంలో మనవాళ్ళని తప్పుపట్టే మాటలు నాకు నచ్చవు. చేసింది ఎవరైనా ఎండ మాత్రం మన నెత్తి మీదే కాస్తోంది. మాట్లాడాల్సింది అందుకు.

వీళ్ళిద్దరి గురించి నాకు బెంగ లేదు. అసలేమీ మాట్లాడని వాళ్ళ గురించే బెంగ.

మా ఊళ్ళో ఒక చెల్లెలు మిరపకాయ కోతకెళ్ళి మధ్యాహ్నం చేలో పడిపోయింది. మూడు రోజులు ఆస్పత్రిలో సెలైన్లు. సంఘంలో ఆరు వేలు అంతర్గత అప్పు తీసుకుంది. అప్పు పుస్తకంలో “ఉద్దేశం” అని ఒక గడి ఉంటుంది, మీ అందరికీ తెలుసు. అందులో పడింది “ఇంటి ఖర్చులు”. అంతే. ఆ నెల సమావేశంలో కూర్చున్న పది మందిలో ఏడుగురు అదే చేలో కోతకెళ్ళినవాళ్ళే. ఏడుగురికీ ఆ వారం కళ్ళు తిరిగాయి. ఒక్కరూ చెప్పలేదు. చెబితే రేపు కూలికి పిలవరేమోనని ఒకరు, “నీ ఒక్కదానికేనా ఎండ” అంటారేమోనని ఒకరు. మర్నాడు అదే చేను, అదే వేళ.

ఆ గడి ఎంత చిన్నదో అంత మోసం చేస్తుంది. రెండోసారి పత్తి గింజలు కొన్న అప్పు, బోరు ఎండితే ఇంకో వంద అడుగులు దింపిన అప్పు “వ్యవసాయం” అవుతాయి. వానకి గోడ కూలితే “ఇంటి మరమ్మతు”. చుడీలో ఉన్న గేదె ఎండకి చస్తే “పాడి”. కౌలుకి చేసే అక్కకి బ్యాంకు పంట రుణం దొరకడమే కష్టం కాబట్టి, ఆమె మీద పడిన దెబ్బంతా మన పొదుపు డబ్బు మీదికే వస్తుంది. ఏడాది చివర లెక్క తీస్తే అప్పులు పెరిగాయని తెలుస్తుంది, ఎందుకు పెరిగాయో మాత్రం పుస్తకం చెప్పదు. వాతావరణ మార్పు ఎక్కడుందయ్యా అంటే మన ఉద్దేశం గడిలో దాక్కుని ఉంది.

ఆ చెల్లెలు కోలుకుని వచ్చాక మా సంఘంలో ఒక పెద్దావిడ నోరు విప్పింది. “పడిపోయింది ఎన్ని గంటలకే?” అని అడిగింది. రెండింటికి. “నీకు తల తిరిగింది ఎప్పుడు?” “నీకో?” అలా ఒక్కొక్కరు చెప్పుకుంటూ పోతే అందరిదీ పన్నెండు దాటాకే. తర్వాతి రోజు ఏడుగురూ కలిసి రైతు దగ్గరికి వెళ్ళారు. పొద్దున్నే ఆరింటికి దిగుతాం, పదకొండున్నరకి ఎక్కుతాం, సాయంత్రం మళ్ళీ దిగుతాం అన్నారు. ఆయన కూలి తగ్గిస్తానన్నాడు. రెండు రోజులు బేరం నడిచింది. ఆయనకీ కాయ ఎండిపోతోంది, మనుషులు దొరకడం లేదు, చివరికి పాత కూలికే ఒప్పుకున్నాడు. చెట్టు కింద నీళ్ళ డ్రమ్ము కూడా పెట్టాడు. ఇక్కడ ఎవరూ వాతావరణం అన్న మాట వాడలేదు. ఎన్ని గంటలకి అని అడిగారు, అంతే.

కేథరిన్ హేహో అని అమెరికాలో పనిచేసే ఒక వాతావరణ శాస్త్రవేత్త ఉన్నారు. ఈ విషయంలో మామూలు మనుషులు చేయగల అన్నిటికన్నా ముఖ్యమైన పని దాని గురించి మాట్లాడుకోవడమే అని ఆవిడ చెబుతుంటారు. విన్నప్పుడు ఇదేం పని అనిపిస్తుంది. కానీ మన రాష్ట్రంలో ఆడవాళ్ళు సాధించినవి చూడండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద పోరాటం ఆడవాళ్ళు కూర్చుని మాట్లాడుకోవడంతోనే మొదలైంది. మనకి దగ్గరలోనే, పాల్వంచ మండలం పునుకుల సంగతి తెలుసా? పత్తికి మందులు కొట్టీ కొట్టీ అప్పులు, ఆస్పత్రులు అయిన ఊరు. 2000 తర్వాత నాలుగైదేళ్ళలో పురుగుమందు లేని ఊరైంది. మహిళా సంఘాలు పట్టుబట్టి మగవాళ్ళని ఒప్పించాయి. మందు ఖర్చు ఇంటి మీద ఎంత పడుతోందో ఆడవాళ్ళు లెక్కేసుకోవడమే అక్కడ ఆయుధం.

గుజరాత్‌లో సేవ అని ఎలా భట్ గారు 1972లో పెట్టిన ఆడకూలీల సంఘం ఉంది. వాళ్ళు వేడికి బీమా తెచ్చుకున్నారు. ఎండ ఒక హద్దు దాటితే, ఎవరి సర్టిఫికెట్టూ అడక్కుండా డబ్బు ఖాతాలో పడుతుంది. 2024 వేసవిలో మూడు రాష్ట్రాల్లో సుమారు 50 వేల మంది అందులో ఉంటే, ఎక్కువ మందికి 400 రూపాయల చొప్పున వచ్చింది. 400 ఏ మూలకి అంటారా? నిజమే, ఒక రోజు కూలి. కానీ ఒక రోజు ఇంట్లో కూర్చోగలిగే ధైర్యం అది. ఎండ వల్ల ఎన్ని రోజుల కూలి పోతోందో చెప్పగలిగారు కాబట్టే అలాంటి బీమాని అడగగలిగారు. మనల్ని ఎవరైనా అడిగితే మన దగ్గర లెక్క ఉందా?

ప్రకృతి వ్యవసాయం గురించి ఒక మాట. 2016 నుంచి రైతు సాధికార సంస్థ మన సంఘాల ద్వారానే ఈ పని నడిపిస్తోంది, 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. వానలకి ముందే రకరకాల విత్తనాలు కలిపి చల్లి నేలని పచ్చగా కప్పి ఉంచితే నేల వేడెక్కదు, తడి నిలుస్తుంది, చేసినవాళ్ళు చూసి చెబుతున్నారు. ఇరవై సెంట్లలో ఏటీఎం పద్ధతిన కూరగాయలు వేసిన అక్కలకి వారం వారం చేతిలో డబ్బు ఆడుతోంది. మంచిదే. కానీ సెంటు భూమి లేని చెల్లెలికి ఈ మాట చెప్పి చేతులు దులుపుకోకూడదు. ఆమెకి కావలసింది పని వేళలు, నీడ, నీళ్ళు. ఉపాధి హామీ పనిచోట తాగునీళ్ళు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని చట్టంలోనే ఉంది. లేకపోతే అడగడానికి సంఘం తీర్మానం కాగితం చాలు.

ఇప్పుడు నేను సమాఖ్యని కోరేది చెబుతాను. ఉద్దేశం గడి పక్కన ఇంకో గడి గీద్దాం. దాని మీద “ఎందువల్ల” అని రాద్దాం. ఎండ, వాన, వరద, గాలి, నీళ్ళు లేక, పురుగు. ఏదీ కాకపోతే ఏదీ కాదనే రాద్దాం, పెళ్ళి ఖర్చుని ఎండ ఖాతాలో వేయొద్దు. “ఇలా రాస్తే బ్యాంకు వాళ్ళు లింకేజీ తగ్గిస్తారేమో” అని నిన్న ఒక కోశాధికారి అడిగింది. ఆ భయం తీసిపారేసేది కాదు. అందుకే ఇది బ్యాంకుకి పెట్టే దరఖాస్తులో కాదు, మన అంతర్గత అప్పుల పుస్తకంలోనే. అది మన పుస్తకం, మన డబ్బు. సంక్రాంతికి ఒకసారి, ఉగాది దాటాక ఒకసారి గ్రామ సంఘంలో ఆ గడి మొత్తం గట్టిగా చదివి, మండలానికి పంపితే, ఏ ఊళ్ళో ఎంతమందికి రెండో విత్తనం పడింది, ఎన్ని వడదెబ్బలు అన్నది ఒక్క కాగితం మీదికి వస్తుంది. తహసీల్దారు గారి దగ్గరికైనా, వ్యవసాయ అధికారి దగ్గరికైనా వట్టి చేతులతో వెళ్ళం. కిస్తీ కట్టలేకపోయిన అక్క ఎగ్గొట్టిందా, మునిగిపోయిందా అన్నది కూడా అప్పుడే తేలుతుంది.

చదవడం రానివాళ్ళు ఉన్న సంఘాల్లో ఎండకి ఎర్ర చుక్క, వానకి నీలం చుక్క పెట్టండి. మా సంఘంలో ఏప్రిల్ నుంచి అలాగే పెడుతున్నాం. పేజీకి పన్నెండు అప్పులుంటే మే నెల పేజీలో ఐదు ఎర్ర చుక్కలున్నాయి. పుస్తకం తెచ్చాను, బయట భోజనాల దగ్గర బల్ల మీద పెడతాను. చూసి, గడి ఎట్లా గీశామో కొలత తీసుకెళ్ళండి. స్కేలు కూడా అక్కడే ఉంది.